కండముక్క మనది, కాయితం మనది

గర్భసంచిలో గడ్డ వుంది, క్యాన్సరవుతుంది అని బెదరగొట్టి ముప్పయ్యేండ్ల కూలి మనిషి గర్భసంచి తీసేస్తారు. గ్యాసు, అల్సరు అని ఏడాది పొడుగునా మాత్రలిచ్చి పొట్టలోని క్యాన్సరును ముదరబెడతారు. లేనిదాన్ని వుందనడం ఒకటి, వున్నదాన్ని లేదనడం ఒకటి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ ఆదిఆంధ్రవాడకు పోయి అరుగు మీద కూచున్నా ఈ రెండింట్లో ఏదో ఒక కథ వినబడుతుంది. కథ చివర మాత్రం అందరిదీ ఒకటే మాట: "మన రాత ఇంతే. ఎవుర్ని అడిగేది?"

ఎవరిని అడగాలో, ఏం పట్టుకుని అడగాలో చెప్పడానికే ఇది రాస్తున్నాం. నుదుటి రాతను కోర్టుకు ఈడ్చలేం గానీ, డాక్టరు రాసిన రాతను ఈడ్చవచ్చు. అది కాయితం మీద వుంటుంది. కింద సంతకం వుంటుంది, తేదీ వుంటుంది.

ముందు ఆడవాళ్ళ సంగతి. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్ లో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్ళలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేసినారు. దేశం మొత్తం మీద చూస్తే నూటికి 3. దేశంలోకెల్లా మన రాష్ట్రమే ముందు. పల్లెల్లో వుండేవాళ్ళలో, చదువు తక్కువైనవాళ్ళలో ఇది ఎక్కువని కూడా అదే సర్వే చెప్పింది. అన్నీ అక్కర్లేని ఆపరేషన్లని మేము అనడం లేదు. కానీ మన ఆడవాళ్ళ కడుపులకే ఇన్ని గడ్డలు ఎక్కడినుంచి వచ్చినాయి? తెల్లబట్ట అవుతుందని పోతే, నడుం నొప్పని పోతే, ముట్టు ఎక్కువగా పోతోందని పోతే, స్కానింగు తీసి "ఇట్లే వదిలేస్తే క్యాన్సరే" అంటారు. ఆ ఒక్క మాట చాలు. మేకలమ్మి, కమ్మలు కుదువబెట్టి మొగుడు డబ్బు తెస్తాడు. గర్భసంచిలో మామూలుగా వచ్చే కణుతులు నూటికి తొంభైతొమ్మిదికి పైగా క్యాన్సర్లు కావు. ఈ సంగతి వైద్యం చదువుకున్న వాళ్ళందరికీ తెలుసు. స్కానింగు అనుమానం చెబుతుంది. దాదాపు అన్ని క్యాన్సర్లలోనూ ఖాయం చేసేది కండముక్క పరీక్ష, అంటే బయాప్సీ. ముక్క తీయకుండా, పరీక్షకు పంపకుండా క్యాన్సరని చెప్పినవాడు వైద్యం చేసినట్టా, భయం అమ్మినట్టా?

ఇది మనమొక్కరం పెడుతున్న గోడు కాదు. రాజస్థాన్, బీహారు, ఛత్తీస్ గఢ్ రాష్ట్రాల్లో ఇట్లాగే అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లు చేసినారని 2013లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసినారు. బలైన ఆడవాళ్ళలో ఎక్కువమంది ఎస్సీ, ఎస్టీ, వెనకబడిన కులాల వాళ్ళేనన్న మాట ఆ కేసులో ముందుకొచ్చింది. 2023 ఏప్రిల్లో తీర్పు వచ్చింది. నరేంద్ర గుప్తా కేసు అంటారు. కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులో పెట్టాలని, అక్కర్లేని ఆపరేషన్ చేసిన, మనిషికి విషయం చెప్పకుండా సమ్మతి రాయించుకున్న ఆసుపత్రులను బ్లాక్ లిస్టులో పెట్టాలని కోర్టు చెప్పింది. మీ మండలంలో ఏ ఆసుపత్రినైనా అట్లా పెట్టినారేమో జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారిని రాతమూలకంగా అడగండి. జవాబు వస్తే మాకు పంపండి.

ఇక ఆసుపత్రి వాళ్ళు ఎప్పుడూ తీసే మొదటి ఆయుధం ఇది: "మీరు కార్డు మీద వచ్చినోళ్ళు. పైసా కట్టలేదు. మీకు కేసేంది?" ఈ మాట వినగానే మనవాళ్ళు తల దించుకుంటారు. దించుకోవాల్సిన పనేమీ లేదు.

1995 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంతా కేసులో తీర్పు చెప్పింది. డాక్టర్ల సంఘం తమను వినియోగదారుల చట్టం కిందికి తేవద్దని పోరాడి ఓడిపోయిన కేసు అది. డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవ కిందికి వస్తుందని కోర్టు చెప్పింది. అంతకన్నా మనకు ముఖ్యమైన మాట ఇంకొకటుంది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని, కొందరికి వుచితంగా చేసే ఆసుపత్రిలో, ఆ వుచితంగా చేయించుకున్న మనిషి కూడా వినియోగదారుడే. రోగి బదులు బీమా కంపెనీ కట్టినా, యజమాని కట్టినా అది వుచితం కాదు. ఆరోగ్యశ్రీ అని 2007లో మొదలై, 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలవబడుతున్న పథకం కింద మనకు ఆపరేషన్ చేస్తే ఆసుపత్రికి ట్రస్టు నుంచి డబ్బు ముడుతుంది. వుచితం మనకే గానీ వాళ్ళకు కాదు. ఆ పైన అదే ఆసుపత్రిలో పక్క గదిలో డబ్బు కట్టి పడుకున్న రోగి వుండనే వున్నాడు. ఎట్లా చూసినా మనం శాంతా తీర్పు లోపలే వున్నాం. ఎదుటి లాయరు కాదంటాడు, అనడానికే ఆయనకు ఫీజు. మన దగ్గర తీర్పు వుంది.

2019లో కొత్త వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది, 2020 జూలై నుంచి అమలవుతోంది. కొత్త చట్టంలో ఆరోగ్యం అనే మాట లేదు కాబట్టి మేము బయటపడ్డామని డాక్టర్లు మళ్ళీ కోర్టుకెక్కినారు. 2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు దాన్నీ తోసిపుచ్చింది. కాబట్టి "ఆ చట్టం పోయిందమ్మా" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

గెలిచినవాళ్ళు వున్నారా అంటే, వున్నారు. అందులో రెండు కేసులు మన తెలుగు నేల మీదివే. ఈ రెండింటి పేర్లు ప్రతి కార్యకర్త నోటికి రావాలి.

మొదటిది నిమ్స్ కేసు. 1990లో హైదరాబాదు నిజామ్స్ ఆసుపత్రికి ఒక ఇంజనీరింగు విద్యార్థి జ్వరంతో పోయినాడు. ఎక్సరేలో ఛాతీలో కణితి కనబడింది. సూది పరీక్షలో అది ఏమిటో తేలలేదు. ముక్క తీసి పరీక్షిస్తామని ఛాతీ తెరిచినారు. తెరిచి, కణితి మొత్తం తీసేసినారు. వెన్నుపూస పక్కన వున్న కణితి, అయినా నరాల డాక్టరును పిలవలేదు. కుర్రవాడు లేచేసరికి నడుము కింద స్పర్శ లేదు. మళ్ళీ నడవలేదు. ఆ కణితి క్యాన్సరు కూడా కాదు. జాతీయ కమిషన్ 1999లో 15.5 లక్షలు ఇమ్మంది. ఆయన చాలదన్నాడు. చక్రాల కుర్చీలో కూచుని సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకున్నాడు. 2009 మే నెలలో కోర్టు కోటి రూపాయలు, వడ్డీ కలిపి ఇమ్మని తీర్పు చెప్పింది. 19 ఏండ్లు పట్టింది. దాన్ని దాచడం మాకిష్టం లేదు, కోర్టు తొందరగా తేల్చేస్తుందని చెప్పి మిమ్మల్ని పంపితే అది ఇంకొక మోసం.

ఆ తీర్పులో రెండు మాటలు మనకు కావాలి. ముక్క తీయడానికి ఇచ్చిన సమ్మతి, మొత్తం తీయడానికి సమ్మతి కాదు. నిర్లక్ష్యం జరిగిందని రోగి మొదట ఒక ఆధారం చూపెడితే, జరగలేదని నిరూపించే బరువు ఆసుపత్రి మీదికి పోతుంది. సమ్మతి మాట 2008లోనే సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్ష కోసం మత్తిచ్చి పడుకోబెట్టిన ఆడమనిషికి, బయట కూచున్న తల్లి సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసది. మనిషి స్పృహలో వుండి చెప్పగలిగే సందర్భంలో తల్లి సంతకం చెల్లదన్నారు. మరి మన దగ్గర? ఆడమనిషిని లోపలికి తీసుకుపోయి, బయట మొగుని వేలిముద్ర వేయించుకుంటారు. ఆమెకేం చెప్పినారు, ఎవరు చెప్పినారు, ఏ భాషలో చెప్పినారు? వేలిముద్ర కింద ఇంగ్లీషులో అచ్చువేసిన వాక్యాలను ఆమెకు చదివి వినిపించినవాడు ఎవడు?

రెండోది మలేరియా కేసు. హైదరాబాదులో మలేరియా శాఖలో పనిచేసే ఒక అధికారి 2002 జూలైలో చలిజ్వరంతో వున్న భార్యను ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినాడు. టైఫాయిడ్ పరీక్షలో లేదని వచ్చినా టైఫాయిడ్ కే మందులిచ్చినారు. నాలుగు రోజులకు పరిస్థితి చేయి దాటింది, ఇంకో ఆసుపత్రికి మార్చినారు, ఆమె చనిపోయింది. అక్కడి పరీక్షలో మలేరియా తేలింది. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మంటే, నిపుణుడైన డాక్టరు చేత సాక్ష్యం చెప్పించలేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ అదే సరైందంది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఆ రెండింటినీ పక్కకు నెట్టి జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. వి. కిషన్ రావు వర్సెస్ నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ అని దాని పేరు. తప్పు కంటికి కనబడుతుంటే ప్రతి కేసులోనూ నిపుణుని సాక్ష్యం అక్కర్లేదని ఆ తీర్పు. ఒక డాక్టరు మీద ఇంకొక డాక్టరు సాక్ష్యం చెప్పడు. ఆ సంగతి మన పల్లెలో గొర్రెలు కాసే పిల్లోనికి కూడా తెలుసు. సుప్రీంకోర్టుకు ఆ సంగతి తెలిసిందని చెప్పే తీర్పిది. అది క్యాన్సరు కేసు కాదు గదా అంటారేమో. రోగం తప్పుగా చెప్పిన కేసు అది, సూత్రం ఒకటే.

ఇప్పుడు చేదు మాట కూడా చెప్పాలి. రోగం తప్పు చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. క్యాన్సరు కొన్నిసార్లు ఎంత మంచి డాక్టరు కళ్ళకైనా దొరకదు. కోర్టు అడిగేది వేరే: ఆ పరిస్థితిలో బాధ్యత గల డాక్టరు చేయాల్సిన పని ఈయన చేసినాడా? బరువు తగ్గిపోతున్నాడు, అన్నం దిగడం లేదు, మలంలో నెత్తురు పడుతోందని చెప్పినా ఎండోస్కోపీ రాయకుండా ఆరు నెలలు గ్యాసు మాత్రలు రాసినాడా? రొమ్ములో గడ్డ చెయ్యికి తగులుతుంటే పాలగడ్డ అని పంపించినాడా? తీసిన గర్భసంచిని పరీక్షకు పంపినారా, పంపితే ఆ రిపోర్టు ఏది? బయాప్సీ రిపోర్టు కింద సంతకం పెట్టింది పాథాలజీ చదివిన డాక్టరా, లేక ల్యాబు నడిపే కుర్రవాడా? 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు గుజరాత్ ల్యాబుల కేసులో చెప్పింది, పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టరు డాక్టరు సంతకం లేని రిపోర్టు చెల్లదని. మీ ఇంట్లో ట్రంకుపెట్టెలో వున్న రిపోర్టు తీసి కింద సంతకం చూడండి.

2019లో కేరళలో ఏం జరిగిందో తెలుసు గదా. ఆలప్పుళ జిల్లా ఆడమనిషి ఒకామెకు ప్రైవేటు ల్యాబు రిపోర్టును నమ్మి కొట్టాయం ప్రభుత్వ మెడికల్ కాలేజీలో కీమో మొదలుపెట్టినారు. జుట్టు రాలిపోయింది. తమ సొంత ల్యాబు రిపోర్టు వచ్చేదాకా ఆగలేదు. అది వచ్చినాక చూస్తే క్యాన్సరు లేదు. తిరువనంతపురం క్యాన్సర్ కేంద్రం కూడా లేదనే తేల్చింది. ఆమెకు ఆ సంగతి ఎట్లా తేలింది? అదే కండముక్కను ఇంకో చోట మళ్ళీ చూసినందువల్ల తేలింది.

ఇక్కడే అసలు సంగతి వుంది. మనవాళ్ళకు ఇది ఎవరూ చెప్పరు. బయాప్సీకి తీసిన ముక్కను మైనంలో పెట్టి గట్టి బిళ్ళలాగా చేస్తారు. దాన్ని బ్లాకు అంటారు. ఆ బ్లాకులో నుంచి సన్నటి పొరలు కోసి గాజుపలక మీద పెట్టి చూస్తారు, అది స్లైడు. రిపోర్టు కాయితం చిరిగిపోవచ్చు, మార్చి రాయవచ్చు. మైనంలోని ముక్క అబద్ధమాడదు. ఏండ్ల తరువాత కూడా దాన్ని మళ్ళీ కోసి చూడవచ్చు. ఆ బ్లాకులు, స్లైడులు అడిగి తీసుకుని రాయవేలూరు సీఎంసీలోనో, మద్రాసు అడయారులోనో, తిరుపతిలో 2022లో తెరిచిన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రిలోనో ఇంకో డాక్టరు చేత చూపించుకోవచ్చు. వున్నోళ్ళు అదే చేస్తారు. రెండో మాట వినకుండా కత్తి కింద పడుకోరు. మనకు మాత్రం రెండో మాట అడగడమే పొగరు కింద లెక్క.

రెండో ఆసుపత్రిలో ఒక జాగ్రత్త. "ముందు డాక్టరు తప్పు చేసినాడని రాసివ్వండి సార్" అని అడగవద్దు. రాయరు, పైగా మిమ్మల్ని దూరం పెడతారు. రోగం ఏమిటి, ఏ దశలో వుంది, స్లైడులో ఏం కనబడింది, ఈ మూడే రాసివ్వమనండి. అది వాళ్ళు మామూలుగా రాసేదే. మొదటి డాక్టరు చీటీ పక్కన ఆ కాయితం పెడితే మధ్యలో పోయిన నెలలు ఎవరి లెక్కలోకి వస్తాయో కనబడిపోతుంది. ముందే పట్టుకుని వుంటే ఏం మారేదన్న ప్రశ్న కమిషన్ తప్పకుండా అడుగుతుంది. దశ రాసిన కాయితమే దానికి జవాబు.

కాయితాలు ఇవ్వమంటే రికార్డు రూము తాళం దొరకదు, సారు లీవులో వుంటాడు. 2002 నాటి డాక్టర్ల ప్రవర్తనా నియమాలు ఇంకా అమలులోనే వున్నాయి. ఆసుపత్రిలో చేరిన రోగి కేసుషీటును మూడేండ్లు దాచాలి. రోగి గానీ, రోగి తరపున మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. దయతో ఇచ్చేది కాదు, ఇవ్వాల్సిందే. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు, తెల్లకార్డు నకలు పెడితే ఫీజు లేదు.

వినియోగదారుల కమిషన్ కు పోవడానికి గడువు రెండేండ్లు. తప్పు జరిగిన రోజు నుంచా, తెలిసిన రోజు నుంచా? లోపల దాగిన హాని అయితే, తెలిసిన రోజు లేక తెలుసుకోగలిగిన రోజు నుంచి లెక్కించాలని 2010లో శ్రీఖండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అదే కేసులో ఏండ్ల తరబడి నొప్పి వున్నా ఎందుకు పోయి చూపించుకోలేదని అడిగి ఆ ఆడమనిషి కేసు కొట్టేసింది కూడా. కాబట్టి ఆ సూత్రాన్ని నమ్ముకుని కూచోవద్దు. ఆసుపత్రి ఎక్కడున్నా, మద్రాసులో వున్నా, బెంగుళూరులో వున్నా, మీరు కాపురముండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కొత్త చట్టంలో మనకు జరిగిన మేలు అదొక్కటి. చిత్తూరులో, తిరుపతిలో కమిషన్లు వున్నాయి. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే కేసుకు ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే చెప్పుకోవచ్చు. మనిషి చనిపోయి వుంటే వారసులు వేయవచ్చు.

లాయరు కావాలంటే, 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను చదవండి. ఎస్సీ, ఎస్టీ అయితే చాలు, ఆడమనిషి అయితే చాలు, ఆదాయం ఎంతని అడగకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టాలి. కోర్టు ఆవరణలోనే ఆఫీసు వుంటుంది, ఫోను నంబరు 15100. అక్కడే శాశ్వత లోక్ అదాలత్ గురించి కూడా అడగండి. ఆసుపత్రి సేవ దాని పరిధిలోకి వస్తుంది, ఫీజు లేదు.

అందరికీ వుచితంగా చేసే సర్కారు ఆసుపత్రి మాటేమిటి? ఇక్కడ శాంతా తీర్పు మనల్ని వదిలేసింది. ఓపీ చీటీకి రూపాయో రెండో కట్టినా లెక్కలోకి రాదంది. ఇది అన్యాయమని మేమంటాం. బీదోడు పోయేది అక్కడికే, బీదోనికే ఆ తలుపు మూసినారు. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. హర్యానాలో ఏడుగురు బిడ్డల తల్లి, కూలి మనిషి, సర్కారు ఆసుపత్రిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. ఒక పక్క నాళమే కోసినారు, రెండోది వదిలేసినారు. మళ్ళీ బిడ్డ పుట్టింది. ఆమె సివిల్ కోర్టుకు పోయింది. సర్కారు ఆమె మీద సుప్రీంకోర్టు దాకా పోయి 2000లో ఓడిపోయింది. సర్కారు డాక్టరు తప్పుకు సర్కారే బాధ్యత పడాలని ఆ సాంత్రా కేసులో తేలింది. సివిల్ కోర్టు, హైకోర్టులో రిట్, ఈ రెండు దారులూ వున్నాయి. లీగల్ సర్వీసెస్ లాయరును అడగండి, గడువు మాత్రం వెంటనే అడగండి.

పోలీసు కేసు గురించి చాలామందికి ఆశ వుంటుంది. డాక్టరును జైల్లో పెట్టించాలని. 2005లో జాకబ్ మాథ్యూ కేసు ఆ దారిని ఇరుకు చేసింది. ఆ కేసులో రోగి క్యాన్సరు మనిషే. లూధియానా ఆసుపత్రిలో ఊపిరాడక కొట్టుకుంటుంటే తెచ్చిపెట్టిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీ. సుప్రీంకోర్టు డాక్టర్ల మీద క్రిమినల్ కేసు కొట్టేసింది. మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం కావాలి, పోలీసులు ముందుగా ఇంకొక డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి అంది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షను చూడండి. నిర్లక్ష్యంతో మనిషిని చంపితే మామూలు మనిషికి అయిదేండ్ల దాకా, వైద్యం చేస్తుండగా జరిగితే రిజిస్టరు డాక్టరుకు రెండేండ్ల దాకా. లారీ డ్రైవరుకు ఒక తూకం, డాక్టరుకు ఒక తూకం. ఎవరి ప్రాణం పోయిందో చూడలేదు, ఎవరి చేతిలో పోయిందో చూసినారు. ఫిర్యాదు ఇవ్వండి, వద్దనం. దానిమీదే ఆశ పెట్టుకుని కమిషన్ గడువు దాటబెట్టుకోవద్దు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ కు కూడా రాయవచ్చు, డాక్టరు రిజిస్ట్రేషను ఆపేసే అధికారం వాళ్ళది. డబ్బు ఇప్పించే అధికారం లేదు. డాక్టర్లను డాక్టర్లే విచారించే చోటు అది. మన ఊర్లో రెడ్డి మీద రెడ్డి చేసే పంచాయితీ ఎట్లుంటుందో అనుభవించినవాళ్ళకు వేరే చెప్పాలా?

పల్లెల్లో తిరిగే ఆర్ఎంపీల మీద మాకు పగ లేదు. నడిజామున తలుపు తడితే వచ్చేది వాళ్ళొక్కరే. కానీ చదవని వైద్యం చేయడమే నిర్లక్ష్యం కింద లెక్కని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హోమియో చదివినాయన ఇంగ్లీషు మందులిచ్చిన కేసది. టౌనులో ఏ ఆసుపత్రికి తోలితే ఎంత పర్సంటు వస్తుందో చూసుకుని మన ఆడవాళ్ళను ఆటోలో ఎక్కించే వాళ్ళుంటే, వాళ్ళు ఆర్ఎంపీలు కారు, దళారులు.

దళారులంటే గుర్తొచ్చింది. శవం గేటు దగ్గర వుండగానే దిగే పెద్దమనుషుల సంగతి. మన కులపోళ్ళే, మన సంఘం పేరే చెప్పుకుంటారు. గంటసేపు అరుస్తారు. అద్దం ఒకటి పగులుతుంది. లోపలికి పిలుస్తారు. బయటికొచ్చి "ఇంతకు ఒప్పిచ్చినాం, అంబులెన్సు కూడా వాళ్ళదే" అంటారు. ఇంటివాళ్ళ చేత ఒక కాయితం మీద వేలిముద్ర వేయిస్తారు: మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. రేపు కమిషన్ ముందు ఆసుపత్రి లాయరు మొట్టమొదట చూపించేది ఆ కాయితమే. పగిలిన అద్దానికి కేసు ఎవరి మీద? 2008లో మన రాష్ట్రం చేసిన 11వ నంబరు చట్టం కింద ఆసుపత్రి మీద దాడికి మూడేండ్ల దాకా జైలు, నష్టానికి రెండింతలు జుర్మానా. పెద్దమనిషి సాయంత్రానికి ఇంట్లో వుంటాడు. చనిపోయిన మనిషి తమ్ముడు స్టేషన్లో వుంటాడు. ఇట్లాంటి పంచాయితీలో కూచున్నవాళ్ళు మా పత్రిక పేరు గానీ సంఘం పేరు గానీ వాడితే మాకు తెలియజేయండి, పేరుతో సహా వేస్తాం.

కులం పేరుతో తిట్టినా, ముట్టుకోకుండా దూరం పెట్టినా అది వేరే కేసు. నలుగురి ఎదుట కులం పేరుతో అవమానిస్తే అట్రాసిటీ చట్టం 3వ సెక్షను వుంది. అంటరానితనంతో ఆసుపత్రిలో చేర్చుకోకపోతే 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం 5వ సెక్షను వుంది. ఆ కేసు పెట్టాల్సిందే. రోగం తప్పు చెప్పిన కేసునూ దీన్నీ ఒకే ఫిర్యాదులో కలిపి రాయవద్దు. కలిపితే ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేస్తారు.

ఈ పక్షం ప్రతి గ్రామ కమిటీ చేయాల్సిన పని ఒకటుంది. రెండు మూడేండ్లలో గర్భసంచి తీయించుకున్నోళ్ళు, క్యాన్సరని చెప్పించుకున్నోళ్ళు, గ్యాసని తిరిగి తిరిగి చివరికి క్యాన్సరని తేలినోళ్ళు వాడలో ఎవరెవరున్నారో ఇంటింటికీ పోయి అడగండి. వాళ్ళ పేరుతో కింద మేమిచ్చిన దరఖాస్తు తెల్లకాయితం మీద రెండు ప్రతులు రాయండి.

"సూపరింటెండెంట్ గారికి. నేను ఫలానా తేదీన మీ ఆసుపత్రిలో చేరి ఫలానా తేదీన డిశ్చార్జి అయినాను. నా కేసుషీటు మొత్తం, నేను సంతకం చేసిన సమ్మతి పత్రం, ఆపరేషన్ నోట్సు, స్కానింగు రిపోర్టులు, బయాప్సీ రిపోర్టు నకళ్ళు 72 గంటల్లో ఇవ్వవలసింది. నా శరీరం నుంచి తీసిన భాగానికి సంబంధించిన బ్లాకులు, స్లైడులు వేరే ఆసుపత్రిలో చూపించుకోవడానికి ఇవ్వవలసింది. తీసిన భాగాన్ని పరీక్షకు పంపకపోయి వుంటే ఆ సంగతి రాతమూలకంగా తెలియజేయవలసింది."

కింద సంతకం గానీ వేలిముద్ర గానీ, తేదీ, ఐపీ నంబరు వుంటే అది. ఒక ప్రతి వాళ్ళకిచ్చి రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయమంటే పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఒక్కరే పోవద్దు, చదువుకున్న పిల్లను ఒకరిని వెంట తీసుకుపోండి.